కనిపించని డిస్కు

కంటికి కనిపించనిది లేనేలేదని తీర్మానించడం మానవ సహజం. నాడి చూడకుండా రోగనిర్ణయం చేయడం ఎంత ప్రమాదకరమో, కారణం తెలుసుకోకుండా ఒక యంత్రం చెడిపోయిందని నిర్ణయించడం కూడా అంతే ప్రమాదకరం. కంప్యూటరులో కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్థాపించేటప్పుడు తలెత్తే ఒక చిక్కు ఈ సత్యాన్ని చక్కగా తెలియజేస్తుంది.

స్థాపన కార్యక్రమం కొంతదూరం సజావుగా సాగుతుంది. డిస్కును ఎంచుకోవలసిన ఘట్టంలో మాత్రం డిస్కులేవీ కనబడలేదన్న సందేశం తెరపై ప్రత్యక్షమవుతుంది. నిన్నటివరకు చక్కగా పనిచేసిన డిస్కు ఒక్కసారిగా మాయమైందని యజమాని కలవరపడతాడు. కొందరు దానిని పారవేసి కొత్తది కొంటారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన పాఠాలు, ఛాయాచిత్రాలు, లెక్కలు ఆ డిస్కుతోపాటే పోతాయి. నిజానికి చాలా సందర్భాలలో డిస్కుకు ఏ లోపమూ ఉండదు.

ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుతో నేరుగా సంభాషించదు. ఆ రెండింటి నడుమ స్టోరేజి కంట్రోలరు అనే ఎలక్ట్రానిక్ విభాగం ఉంటుంది. దాని భాషను ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియజేసే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. పరభాషా ప్రభువుకు, స్థానిక ప్రజలకు మధ్య దుభాషి ఎటువంటివాడో, ఈ రెండింటి మధ్య డ్రైవరు అటువంటిది. ప్రింటరు వంటి పరికరాల డ్రైవర్లను స్థాపన పూర్తయిన తరువాత కూడా చేర్చవచ్చు. కంట్రోలరు డ్రైవరు సంగతి వేరు. అది లేనిదే డిస్కును చదవడమే సాధ్యం కాదు. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే ఉంచి తాళం వేసినట్లు, డిస్కును తెరిచే డ్రైవరు డిస్కులోనే ఉంటే ప్రయోజనం లేదు. స్థాపన కార్యక్రమం దానిని తనవెంట తెచ్చుకోవాలి.

విండోస్ ఎక్స్‌పి 2001లో విడుదలైంది. సాటా డిస్కులను నడిపే ఎ.హెచ్.సి.ఐ. పద్ధతి 2004లో వెలువడింది. తన తరువాత పుట్టిన పద్ధతి ఎక్స్‌పికి తెలియకపోవడంలో వింత లేదు. స్థాపన మొదలైన కొద్ది క్షణాలలో ఎఫ్6 మీటను నొక్కి, ఫ్లాపీ ద్వారా డ్రైవరును అందించవలసి వచ్చేది. కంప్యూటర్ల నుంచి ఫ్లాపీలు తొలగిపోతున్న రోజులవి. ఫ్లాపీ లేనివారు బయోస్‌లో పాత ఐ.డి.ఇ. పద్ధతిని ఎంచుకోవడమో, డ్రైవరును ముందే చేర్చిన సి.డి.ని తయారుచేసుకోవడమో చేసేవారు. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టాలో ఎ.హెచ్.సి.ఐ. డ్రైవరును ముందే చేర్చారు. ఇతర డ్రైవర్లను పెన్‌డ్రైవు నుంచి స్వీకరించే వీలు కూడా కల్పించారు.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. 2020లో వచ్చిన ఇంటెల్ పదకొండవ తరం ప్రాసెసర్లతో వి.ఎమ్.డి. అనే ఏర్పాటు ల్యాప్‌టాప్‌లలోకి ప్రవేశించింది. అది అమలులో ఉన్న పలు యంత్రాలలో, తగిన డ్రైవరు అందించేవరకు విండోస్ స్థాపన కార్యక్రమానికి డిస్కు కనిపించదు. యంత్రం మారినా చిక్కు స్వరూపం మారలేదు.

పరిష్కారానికి ఒక క్రమం ఉంది. మొదట బయోస్‌లో డిస్కు పేరు ఉన్నదో లేదో చూడాలి. అక్కడ కూడా లేకపోతే తీగను, అమరికను, డిస్కును పరీక్షించాలి. పేరు ఉంటే డ్రైవరును అనుమానించాలి. పెన్‌డ్రైవు నుంచి నేరుగా నడిచే లినక్స్‌లో డిస్కు కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. ముఖ్యమైన ఫైళ్లను వేరొకచోట భద్రపరచుకోవడానికి కూడా అదే అదను. తరువాత కంప్యూటరు తయారీదారు వెబ్‌సైటు నుంచి ఆ నమూనాకు తగిన డ్రైవరును తెచ్చుకోవాలి. 32 బిట్ల వ్యవస్థకు 64 బిట్ల డ్రైవరు పనికిరాదు. కుదించిన ఫైలును విప్పి పెన్‌డ్రైవులో ఉంచాలి. పిమ్మట ‘లోడ్ డ్రైవర్’ అన్న అవకాశాన్ని ఎంచుకుని ఆ ఫోల్డరును చూపితే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

ఈ సందర్భంలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. అప్పటికే విండోస్ ఉన్న యంత్రంలో కంట్రోలరు పద్ధతిని మారిస్తే, అది మొదలుకాక నీలితెరతో ఆగిపోవచ్చు. అటువంటప్పుడు పాత అమరికను పునరుద్ధరిస్తే సాధారణంగా యథాస్థితి కలుగుతుంది. పలు డిస్కులను రెయిడ్ పద్ధతిలో కలిపి వాడుతున్నచోట మాత్రం ఈ మార్పు సమాచారానికే ముప్పు తేవచ్చు. బిట్‌లాకర్ రక్షణ ఉన్న యంత్రం 48 అంకెల రికవరీ సంఖ్యను అడగవచ్చు. దానిని ముందే రాసిపెట్టుకోవాలి. కారణం తేలకముందు ఏ విభాగాన్నీ చెరిపివేయరాదు.

డ్రైవరును మరల తెచ్చుకోవచ్చు. డిస్కును మరల కొనవచ్చు. చెరిగిపోయిన సమాచారం తిరిగి లభిస్తుందన్న నమ్మకం లేదు. కనుక డిస్కు కనిపించనప్పుడు, అది లేదా లేక దానిని చూపే దుభాషి లేడా అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి. ఆ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతనే చేయి కదపాలి.