బడి ఊడ్చువారెవరు?

విదేశములందలి పాఠశాలల ప్రస్తావము వచ్చినప్పుడు మనవారు భవనములను, పరీక్షాఫలితములను గూర్చి ముచ్చటింతురు. అచ్చట పసిబిడ్డ దినమెట్లు గడచుచున్నదో విచారించువారు అరుదు. మేము నేడు ఆ విషయమునే పాఠకుల ముందుంచ దలచితిమి.

జపాను దేశమున ఆరేండ్లు నిండిన బిడ్డ ఏప్రిలు నెలలో ప్రాథమిక పాఠశాలను ప్రవేశించును. వీధిచెప్పులను వాకిటనే విడిచి, బడిలోనికై యుంచుకొన్న వేరు జోడు తొడుగుకొనును. మధ్యాహ్నము కాగానే వంతు వచ్చిన పిల్లలు తెల్లని అంగీలును టోపీలును ధరించి, భోజనపాత్రలను తరగతికి మోసికొనివచ్చి తోడివారికి వడ్డింతురు. ఉపాధ్యాయుడును వారితోగూడ ఆ భోజనమునే భుజించును. ఈ భోజనమునకై 1954లో ప్రత్యేక శాసనమే చేయబడినది. తరగతిగదులను, నడవలను, కొన్నిచోట్ల మరుగుదొడ్లను సైతము పిల్లలే శుభ్రపరతురు. అత్యధికులు ప్రభుత్వ పాఠశాలలలోనే చదువుదురు గనుక వైద్యుని కుమారుడును, కూలివాని కుమార్తెయు ఒకే గదిని కలసి ఊడ్తురు.

మన సంగతి యేమి? 1995లో కేంద్రప్రభుత్వము మధ్యాహ్నభోజన పథకమును ప్రారంభించెను. వండిన భోజనమునే పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. కోట్లకొలది బిడ్డల ఆకలి తీరినది, సంతోషమే. కాని ఆ పంక్తిలో మన బిడ్డలు కూర్చుండుట లేదు. కలిగినవారి పిల్లలు బస్సులెక్కి ప్రైవేటు బడులకు పోవుచున్నారు. అచ్చట వారి చేతికి చీపురిచ్చినచో తల్లిదండ్రులు తగవునకు వత్తురు. సర్కారుబడిలో దళితబాలుని చేతనే మరుగుదొడ్డి కడిగించిరన్న వార్త మాత్రము పలుమారు మన చెవిని బడుచునే యున్నది. పని యొక్కటియే. అచ్చట అది అందరి వంతు. ఇచ్చట కొందరి తలవ్రాత. అందరితో కలసి చేసిన బిడ్డకు బడి తనదను భావము కలుగును. ఒంటరిగ చేసిన బిడ్డకు సిగ్గు మిగులును.

జపాను బడి స్వర్గమని మేమనుట లేదు. పరీక్షలకై సాయంకాలపు ట్యూషను బడులకు పరుగులును, తోటిపిల్లల వేధింపులును అచ్చటను గలవు. వానిని తెచ్చుకొన నక్కరలేదు. అవి మనకును కొల్లలుగనే యున్నవి.

శ్రమగౌరవము మనకు పరదేశపు వింతయు గాదు. 1937లో వార్ధా విద్యాసభయందు మహాత్ముడు చేతిపని మూలముగ విద్య గరపవలెనని ప్రతిపాదించెను. తన ఆశ్రమములలో పాకీపనిని సైతము ఆశ్రమవాసులచేతనే చేయించెను. మనము ఆ మాటలను పాఠ్యపుస్తకములలో అచ్చొత్తించి, చీపురును మాత్రము పరుల చేతికిచ్చితిమి.

ఈ లోపమును దిద్దుటకు నిధులతో పనిలేదు. సర్కారుబడియైనను, ప్రైవేటుబడియైనను గోడమీద వంతుల పట్టిక యొక్కటి చాలును. అందు ఉపాధ్యాయుని పేరును ఉండవలెను. ఊరిపెద్ద కుమారుని పేరును ఉండవలెను. ఆ పట్టికలో మొదట తమ బిడ్డ పేరు వ్రాయించుటకు మన పాఠకులలో ఎందరు సిద్ధముగ నున్నారు? ఇందులకు ప్రత్యుత్తరమీయవలసినది ప్రభుత్వము గాదు, మనమే.