ఎండు ఉర్లగడ్డయు వేపుడు గుణమును

బెంగుళూరునకు దక్షిణమున, హోసూరు మార్గమునందు, 1978లో కియోనిక్స్ సంస్థ నెలకొల్పిన ఎలక్ట్రానిక్ సిటీలో ఫలహారశాలలకు కొదువ లేదు. అచ్చటి పళ్ళెములలో కానవచ్చు ఫ్రెంచి ఫ్రైలు సామాన్యముగా పచ్చి ఉర్లగడ్డను, అనగా బంగాళాదుంపను, కోసి వేచినవి. ఎండబెట్టిన దుంపను నీటితో ముద్దచేసి, అచ్చున ఒత్తి వేచు పద్ధతియు వేరొకటి కలదు. జంతికల గొట్టము నెరిగినవారికి ఇది వింత కాదు. వింత యంతయు ఎండబెట్టుటయం దున్నది.

దుంపలోని ప్రతి కణమును పిండి నిండిన సంచి వంటిది. ఉడికినపుడు పిండి యుబ్బి, సంచులు విడివడును గాని చిరుగవు. మొరటుగా నలిపినచో చిరిగి, పిండి వెలువడి జిగురగును. ఇల్లాండ్రు ఉడికిన దుంపను మిక్సీలో వేయక చేత చిదుముట ఇందులకే. దీని నివారణకై కర్మాగారములందు ముక్కలను మొదట సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీట నుంచి, చల్లార్చి, పిమ్మటనే ఆవిరిపై ఉడికింతురు. చల్లారునపుడు పిండి కణములోనే బిగిసి, తరువాత సులభముగ వెలికి రాదు. 1950 దశకమున అమెరికాలో ఫిలడెల్ఫియా చెంతనున్న ప్రభుత్వ పరిశోధనాలయమున రూపొందిన రేకుల పద్ధతికి ఈ చల్లార్పే ప్రాణము.

ఆ పద్ధతిలో గుజ్జు ఆవిరితో కాగిన డ్రమ్ముపై పలుచని పొరగా ఆరును. పొరను విరిచి రేకులు చేయునపుడు కొన్ని కణములు చిరుగక తప్పదు. రవ్వ పద్ధతిలోనో, ఆరిన రవ్వనే తడిగుజ్జులో కలిపి మెల్లగా ఆర్చుటచే కణములు చాలవరకు నిలుచును. గుజ్జుగా తినువారికి రవ్వయే మేలు. ఒత్తి వేచుటకు మాత్రము కొంత జిగురు కావలెను. లేకున్న ముద్ద అతుకక నూనెలో విరియును, మితిమీరిన రబ్బరువలె సాగును. ఒకచోట దోషమైనది మరియొకచోట గుణమైనది! చాలనిచోట గోరుచిక్కుడు గింజల జిగురు వంటివి చేర్తురు.

రంగు సంగతి వేరు. తెలుగు విస్తారముగా వినవచ్చు కోలారు, చిక్కబళ్ళాపుర మండలముల రైతులును ఈ పంట వేయుదురు. 2 నుండి 4 డిగ్రీల శీతలగిడ్డంగిలో నిలువయున్న దుంపయందు పిండి కొంత చక్కెరగా మారును. ఎండించుటచే నీరు పోవునే గాని ఆ చక్కెర మిగిలి, వేచునపుడు నలుపును చేదును తెచ్చును. 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు ఆహారమున కనుగొన్న ఆక్రిలమైడును అధికమగును. ఇట్టి సరకును వేపుడు కర్మాగారములు నిరాకరించినచో నష్టము రైతుదే. అయినను దుంపను కొన్ని వారములు సుమారు 20 డిగ్రీల వెచ్చదనమున నుంచినచో చక్కెర కొంత తగ్గును. ఎండి రేకైన పిమ్మట ఆ యవకాశము లేదు.