కత్తి పట్టి పాడితే విస్కాన్సిన్ విన్నది!

"నాయకురాలు నాగమ్మ ఎవరు?" అని మీ తాతయ్యనడగండి. "ఇంకెవరు, భానుమతి!" అంటారు. ఆయనకన్నా పెద్దవాళ్లెవరైనా ఉంటే "కాదు, కన్నాంబ!" అని పోట్లాటకి దిగుతారు. ఇద్దరిదీ రైటే. 1966 'పల్నాటి యుద్ధం'లో రామారావు బ్రహ్మనాయుడైతే భానుమతి నాగమ్మ. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ నాగమ్మ, కుర్రవాడైన నాగేశ్వరరావు బాలచంద్రుడు. దాన్ని మొదలుపెట్టిన గూడవల్లి రామబ్రహ్మం 1946లోనే కన్నుమూస్తే, ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. 'మాలపిల్ల' తీసిన రామబ్రహ్మానికి, చాపకూడు పెట్టి అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి కథ మీద మనసుపోవడంలో వింతేముంది!

అయితే ఈ కథకి సినిమా కన్నా పాత హీరోలున్నారు. వాళ్ల ఫోటోలు ఏ పత్రిక అట్టమీదా రాలేదు. వాళ్లే వీర విద్యావంతులు. చేత కత్తి పట్టి, పక్కన పంబ మోగుతుంటే, చిందేస్తూ పల్నాటి వీరుల కథ పాడే గాయకులు. మాలవారు. కథలో బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న సేనాని కన్నమదాసుదీ ఆ కులమే. ఊరు ఎక్కడో దూరంగా ఉంచిన మనుషుల గొంతులోనే ఊరందరి వీరులూ బతికారన్నమాట!

ప్రతి ఏటా కార్తీక అమావాస్యకి నాగులేరు ఒడ్డున కారంపూడిలో ఐదు రోజుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... పేర్లు వింటేనే స్క్రీన్‌ప్లేలా లేదూ? వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని ఆచారవంతులు ఊరూరి నుంచీ వస్తారు.

అక్కడి పాట కోసం 1970లలో అమెరికా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం విద్యార్థి ఒకాయన పల్నాడు వచ్చాడు. పేరు జీన్ రోఘైర్. ఆ విశ్వవిద్యాలయంలోనే మన వెల్చేరు నారాయణరావుగారు తెలుగు చెప్పేవారు. రోఘైర్ అలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుడి ముందు టేప్ రికార్డర్ పెట్టి కూర్చున్నాడు. గాలెయ్య పాడాడు. ఉత్సవంలోనైతే ఏ రోజుకి తగ్గ ఘట్టం ఆ రోజు పాడితే చాలు. మొత్తం కథని వరసగా, అదీ జనం కేకలు లేకుండా, ఒక యంత్రం కోసం పాడటమంటే మాటలా? మన నటులు గ్లిజరిన్ పెట్టుకుని ఏడ్వడం దీనిముందు సులువే!

ఆ పాట ఇంగ్లీషులోకి మారి 1982లో ఆక్స్‌ఫర్డ్ వారి పుస్తకమై వచ్చింది. పుస్తకం పేరులోనే పల్నాడు! గాయకుడి పేరు కూడా అందులో ఉండటం నాకు మరీ నచ్చింది. జానపదుల పాటలు అచ్చేసి, పాడినవాడిని "ఒక పల్లెటూరివాడు" అని తేల్చేసే సంకలనాలు మనకి కొత్తేమీ కాదుగా.

అంతకుముందు దాకా పల్నాటి కథ అంటే పండితులకి శ్రీనాథుడి ద్విపదే. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చు వేయించింది అదే. గాలెయ్య వంటివారి పాట దానికి చెడిపోయిన నకలు కాదనీ, సొంత కాళ్లమీద నిలబడ్డ మరో మహాకథ అనీ చదువుకున్నవాళ్లకి తెలిసింది ఈ టేపుల తర్వాతే. మన తెలుగులో తంగిరాల వెంకటసుబ్బారావుగారు 'పల్నాటి వీరకథా చక్రం' అని ఈ పాటల్ని ప్రకటించారు. లేకపోతే మన పాట మనం ఇంగ్లీషులో చదువుకోవలసి వచ్చేది! 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టాక జానపద విజ్ఞానానికి వరంగల్లులో ఒక పీఠమే ఏర్పడింది.

ఒక్క బెంగ మాత్రం ఉంది. టేపు గొంతుని దాస్తుంది గానీ కత్తి పట్టి చిందెయ్యదు. తండ్రి దగ్గర నేర్చుకునే కొడుకు ఉండాలి, వాడికి ఆ పాటమీద నాలుగు మెతుకులు దొరకాలి. విశ్వవిద్యాలయాలు ఊరికి ఇవ్వాల్సిన బాకీ ఇంకా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఈ కార్తీకానికి నరసరావుపేటలో బస్సెక్కి కారంపూడి వెళ్లండి. కోడిపోరు రోజైతే మరీ మంచిది. కన్నాంబ, భానుమతి, విద్యావంతుడి పాట... ఈ ముగ్గురు నాగమ్మల్లో మీకెవరు నచ్చారో మాకు రాయండి మరి!