మన పప్పు ధర, మొజాంబిక్ రైతు బతుకు

ఆగిరిపల్లిలో మామిడికాయ కొనాలంటే ఏ తోటదో, ఏ రకమో అడిగి మరీ కొంటాం. కందిపప్పుని మాత్రం ఏ ఊరిదని ఎవరం అడగం. మన దేశం దిగుమతి చేసుకునే కందుల్లో పెద్ద వాటా ఆఫ్రికాదే. అందులో మొజాంబిక్ ముందుంటది.

ఆ దేశం నుంచి 1975లో పోర్చుగీసోళ్లు పోయారు. రెండేళ్లకే అంతర్యుద్ధం మొదలైంది. 1992లో రోమ్‌లో సంతకాలయ్యేలోపు పది లక్షల మంది దాకా పోయారని అంచనా. తుపాకీ కన్నా ఆకలే ఎక్కువమందిని తినేసింది. మందుపాతరలన్నీ తీసేశామని చెప్పడానికే 2015 వచ్చింది.

యుద్ధం ఆగాక ఇరవై ఏళ్లు ఏడాదికి 7 శాతం అటూ ఇటూగా వృద్ధి. రాజధాని మపుటో పక్కన అల్యూమినియం ఫ్యాక్టరీ, టెటేలో బొగ్గు, ఉత్తరాన సముద్రంలో గ్యాస్. (ఆ గ్యాస్‌లో మన ప్రభుత్వ కంపెనీలకీ వాటా ఉంది లెండి.) లెక్కల్లో దేశం పెరిగింది. కానీ వాటిల్లో దొరికే ఉద్యోగాలెన్ని? జనంలో ఎక్కువమంది చిన్న చిన్న చెలకల్లో చేతిపారతో మొక్కజొన్న, కర్రపెండలం పండించుకునేవాళ్లే. వాళ్ల చేతికి నాలుగు డబ్బులొచ్చే పంటల్లో కంది ఒకటి. జాంబేజియా, నంపులా వైపు బాగా వేస్తారు. అందులో ఎక్కువ భాగం మనకే వస్తది.

2015లో ఇక్కడ పప్పు కిలో రెండొందల దాకా పోయింది, గుర్తుందిగా. 2016 జూలైలో మన ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది: మొదటి ఏడు లక్ష టన్నులు, ఐదో ఏటికి రెండు లక్షలు. అక్కడ రైతులు ఆశపడి వేశారు. అదే ఏడు ఇక్కడా కంది విరగపండింది. మన రైతుకే క్వింటాకి 5,050 మద్దతు ధర గిట్టలేదు. దాంతో 2017 ఆగస్టులో దిగుమతులకి పరిమితి పెట్టారు. అక్కడ కంది ఇంటికొచ్చే రోజులవే. ఒప్పందం కోటా కాగితం మీద అలాగే ఉంది, రైతు దగ్గర ధర మాత్రం కూలిపోయింది. కాయ కోశాక ధర ఎవడి చేతిలో ఉంటదో నూజివీడు ప్రాంతపోళ్లకి చెప్పక్కర్లేదు.

మన రైతుని కాపాడొద్దని నేననను. కాపాడాల్సిందే. కానీ ఎంత కొంటామో, ఎంత కొనమో విత్తనం వేయకముందు చెప్పాలి గానీ, పంట కోశాక కాదు. 2021లో మళ్లీ గేటు తెరిచారు. అదీ శాశ్వతంగా కాదు, గడువు పెట్టి, ఆ గడువు పొడిగించుకుంటూ. ఈసారి కంది వేయాలా వద్దా అన్నది నంపులా రైతు ఢిల్లీ వైపు చూసి తేల్చుకోవాల్సిందే.