దండోరా వేయించిన దెవరు?

పూర్వము గ్రామములలో దండోరా వేయునప్పుడు, తప్పెట మ్రోగిన వెంటనే అది ఫలానావారి హుకుమని తెలుపు మాట యుండెడిది. శిస్తు గడువైనను, కాలువనీటి వంతైనను, ఆ మాటకు బాధ్యు లెవరో యెరిగియే జనులు నమ్ముటయో నమ్మకుండుటయో చేసెడివారు. నేడు ప్రతివాని చేతిలోని ఫోనే దండోరా యైనది. మ్రోత వేయిరెట్లు పెరిగినది. వేయించినవారి పేరు మాత్రము తరచుగా వినబడుట లేదు. ప్రజాసంబంధముల వృత్తిలో నున్నవారు సామాజిక మాధ్యమములను గూర్చి మొట్టమొదట గ్రహింపవలసిన విషయ మిదియే యని మా యభిప్రాయము.

సంస్థకును ప్రజలకును నడుమ నిలిచి, ఒకరి మాట నొకరికి సత్యముగా చేరవేయుట ఈ వృత్తిధర్మము. అమెరికాలో ఐవీ లీ 1906లో పత్రికాసంపాదకులకు పంపిన ప్రకటనలో, తన పని యంతయు బహిరంగమే యనియు, ఏ వార్త యెవరి పక్షమున వచ్చినదో అడిగిన సంపాదకునకు దాపరికము లేక చెప్పుదు ననియు మాట యిచ్చెను. ఆ మాటను అతడే సదా నిలుపుకొనలేదను విమర్శ గలదు. అయినను నియమము మంచిది. నాడు వార్తకును పాఠకునకును నడుమ సంపాదకుడను జల్లెడ యుండెను. ఫేస్‌బుక్ 2004లోను, ట్విట్టర్ 2006లోను పుట్టి వ్యాపించిన పిమ్మట ఆ జల్లెడ తొలగినది. ఇప్పుడు ఏ మాట ముందు కనబడవలెనో నిర్ణయించునది యంత్రగణితము. దానికి కావలసినది జనుల చూపు నిలుపుటయే గాని నిజానిజముల విచారణ గాదు. కావున నాడు సంపాదకుడు పంచుకొన్న బాధ్యత యంతయు నేడు వార్త పంపువానిపైననే పడినది.

ఆ బాధ్యతను విస్మరించినవారి గతి యెట్లుండునో బెల్ పాటింజర్ కథ చెప్పుచున్నది. లండనులో 1987లో స్థాపితమై, పలుదేశముల ప్రభుత్వములకు సలహా లొసగిన యీ సంస్థను, 2016లో దక్షిణాఫ్రికాలోని గుప్తా కుటుంబమువారి ఓక్‌బే కంపెనీ నెలకు లక్ష పౌండ్ల ప్రతిఫలముపై నియోగించెను. అధ్యక్షుడు జేకబ్ జూమాతో ఆ కుటుంబమునకు గల సాన్నిహిత్యము అప్పటికే తీవ్రవిమర్శలకు గురియైయుండెను. ప్రజల దృష్టి మరలునట్లు 'శ్వేతజాతి గుత్తపెట్టుబడి' యను నినాదము విరివిగా ప్రచారము చేయబడెను. నల్లవారి దారిద్ర్యము అచట కల్పన గాదు, కఠోరసత్యము. ఆ నిజమైన గాయమునే ఒక ధనికకుటుంబమునకు కవచముగా జేయుట యిందలి ఘోరము. ట్విట్టరులో దొంగపేర్ల ఖాతాలనేకము అదే పల్లవి నందుకొన్నట్లు పాత్రికేయులు వెలికిదీసిరి. 2017 జూలైలో సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది. సెప్టెంబరు 4న బ్రిటిషు ప్రజాసంబంధవృత్తిసంఘము దానిని వెలివేసినది. ఖాతాదారులు విడిచిపోయిరి, ఆ నెల 12న సంస్థ దివాలా నిర్వాహకుల పాలైనది. గాంధీమహాత్ముని 'ఇండియన్ ఒపీనియన్' 1903లో వెలువడిన దేశముననే, భారతదేశమునుండి యేగినవారి ధనముతో నీ పని జరుగుట మనకు సిగ్గుచేటు.

అంతమాత్రమున నీ మాధ్యమములను త్యజింపవలెనని మేమనము. వీనిలో నోటికన్న చెవి గొప్పది. మొలకెత్తని విత్తనముల బొమ్మను ఒక రైతు ఉదయమున పెట్టిన, సాయంకాలమునకు జిల్లా యంతయు చూచుచున్నది. విత్తనసంస్థవా డా ఫిర్యాదును తుడిచివేయవచ్చును. కూలికి పొగడ్తలు వ్రాయింపవచ్చును. లేదా తన పేరుతో, తన సంస్థ పేరుతో ముందుకు వచ్చి, తప్పున్న ఒప్పుకొని, పరిహార మెన్నడో చెప్పవచ్చును. ఈ మూడవదియే వృత్తి, తక్కినవి మోసము. ఇష్టపడినవారి లెక్క కొనుటకు దొరకును గాని నమ్మకము అంగడిలో దొరకదు. మనదేశమున ప్రకటనకర్తలు తమకు తా మేర్పరచుకొన్న ప్రమాణమండలియు, ప్రతిఫలము పొంది పొగడువారు ఆ సంగతిని స్పష్టముగా తెలుపవలెనని 2021లో నియమము చేసినది. నియమ మున్నది, పాటించుట కావలెను.

పాఠకులకును ఇందు కర్తవ్యము గలదు. ఒక మాట వేయి నోళ్ల నొకేరీతిగా వినవచ్చినపుడు, అది నిజమా యని యడుగుటకు ముందు, వేయించిన దెవరని యడుగుడు. బదులు రాని దండోరాను ఇంకొక వీథికి మోసికొనిపోకుడు.