పెద్ద సంఖ్యలు - పెద్ద కోతలు

ఆదివారమునాడు హైదరాబాదులోని అబిడ్సు వీధులలో కాలిబాటలమీద పాతపుస్తకములు పరచి అమ్ముట నగరవాసులకు తెలిసిన విషయమే. ఆ రాశులలో 'వింతలు-విశేషములు' చెప్పు చిన్న పుస్తకములకు కొదువ ఉండదు. అట్టి పుస్తకము నొకదానిని చవుకగా కొని, నాంపల్లి స్టేషను వైపు నడచి, ఒక ఇరానీ హోటలులో కూర్చున్న ఇద్దరు విద్యార్థులను ఊహింతము. వారి పందెము ఇది: ఒకడు పెద్ద సంఖ్యను గూర్చి ఒక వింత చెప్పవలెను, చాయ్ చల్లారులోగా రెండవవాడు అది నిజమో, కోతయో లెక్క వేసి తేల్చవలెను. ఓడినవాడు చాయ్ డబ్బులు ఇచ్చుకొనవలెను.

"పేకముక్కలను పేర్చగల రీతుల సంఖ్య విశ్వములోని పరమాణువుల సంఖ్యకంటె పెద్దది" అని మొదటివాడు మొదలుపెట్టును.

మొదటి ముక్కను 52 విధములుగను, రెండవదానిని 51 విధములుగను, ఇట్లే తుదివరకును ఎన్నుకొనవచ్చును. ఈ సంఖ్యలనన్నిటిని హెచ్చవేసినచో లబ్ధము సుమారు 8×10⁶⁷ అగును. మనకు గోచరించు విశ్వములోని పరమాణువులు స్థూలముగా 10⁸⁰ అని శాస్త్రజ్ఞుల అంచనా. కాబట్టి ఇది కోతయే. అయినను 67, 80 అను అంకెలు కంటికి ఇరుగుపొరుగు వలె కనబడును. ఘాతములో 13 ఎక్కువ అయినదనగా 13 కలిసినదని కాదు, పదేసి రెట్లు పదమూడు సార్లు పెరిగినదని అర్థము. పరమాణువులు ఆ రీతులకు లక్ష కోట్ల రెట్లు ఎక్కువ! ఈ కోతలో 'విశ్వము' అనుచోట 'భూమి' అని ఉన్నచో మాట నిజమయ్యెడిది. భూమిలోని పరమాణువులు సుమారు 10⁵⁰ మాత్రమే. ఎవరో భూమి అన్నదానిని మరెవరో విశ్వముగా పెంచియుందురు.

"కాగితమును ఏడుసార్లకు మించి మడవలేము" అనునది మరొక వింత. దీనిని అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన బ్రిట్నీ గాలివాన్ అను ఉన్నతపాఠశాల విద్యార్థిని 2002లో కొట్టివేసినది. ఆమె సుమారు 1,200 మీటర్ల పొడవుగల పలుచని కాగితపు చుట్టను 12 సార్లు మడచినది; అందుకు ఎంత పొడవు కావలెనో సూత్రమును కూడ తానే కట్టినది. అయితే "42 సార్లు మడవగలిగినచో కాగితపు మందము చంద్రుని దాటును" అన్నచో నవ్వరాదు. మి.మీ.లో పదవవంతు మందము 10 మడతలకు 10 సెంటీమీటర్లు, 20 మడతలకు 105 మీటర్లు, 42 మడతలకు 4,39,000 కిలోమీటర్లు దాటును. చంద్రుడున్నది సగటున 3,84,000 కిలోమీటర్ల దూరమున.

ఈ రెట్టింపుల లెక్క తెలుగువారికి క్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దివాడైన పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనిగించినవాడు. చదరంగపు 64 గదులలో ఒకటి, రెండు, నాలుగు చొప్పున గింజలు వేసిన వచ్చు మొత్తమును తెలుపు పద్యమొకటి అతని పేర ప్రసిద్ధమైనది. అందులో అంకె ఒక్కటియు కనబడదు. చంద్రుడనగా 1, బాణములనగా 5, ఆకాశమనగా సున్న అను సంకేతములతో, ఒకట్ల స్థానమునుండి వెనుకకు చదివినచో 1,84,46,74,40,73,70,95,51,615 అను సంఖ్య వచ్చును. గ్రాముకు 50 బియ్యపుగింజలు తూగుననుకొన్నచో ఇది సుమారు 36,900 కోట్ల టన్నులు. ఏటికి 14 కోట్ల టన్నుల చొప్పున పండించినను 2,600 ఏండ్లకు పైగా పట్టును. ఇచ్చట కూడ ఒక కోత పుట్టినది: కడపటి గది గింజలు తక్కిన 63 గదుల మొత్తమునకు ఎన్నోరెట్లట! ఎక్కువ ఒక్క గింజ మాత్రమే. మూడు గదులు వేసి చూచినను తెలియును: 1, 2 కలిపిన 3; తరువాతి గదిలో 4.

పేర్లవలన వచ్చు చిక్కు వేరు. మహావీరాచార్యుని జాబితాలో శంఖమనగా 10¹⁸. రామాయణ యుద్ధకాండమున లక్ష కోట్లు ఒక శంఖము, అనగా 10¹². ఇద్దరును శంఖమే అందురు, నడుమ తేడా పదిలక్షల రెట్లు. ఇంగ్లండులోను 1974 వరకు ప్రభుత్వపు లెక్కలలో బిలియను అనగా 10¹², అమెరికావారికి 10⁹. అందుచేత పాతపుస్తకములో బిలియను కనబడినచో అది ఎచ్చట అచ్చయినదో మొదట చూడవలెను.

ఇక గ్రాహమ్ సంఖ్య. దీనిని అంకెలలో వ్రాయుటకు విశ్వమంతయు చాలదనుట నిజము. ఇది 3కు 3 ఘాతము, దానిపై మరల 3 ఘాతము, ఇట్లు కట్టిన మేడ వంటిది. నాలుగే అంతస్తులున్న మేడలో సుమారు 3.6 లక్షల కోట్ల అంకెలుండును. అంకెకు 2 మి.మీ. చొప్పున వ్రాసినచో అబిడ్సు తపాలా కార్యాలయము మొదలుకొని ఒక కిలోమీటరులో 5 లక్షల అంకెలు పట్టును. నాలుగంతస్తుల మేడకు 72 లక్షల కిలోమీటర్లు కావలెను. గ్రాహమ్ సంఖ్య ముందు అదియు లెక్కలోనికి రాదు.

"అందుచేత దాని తుది అంకె ఎవరికిని తెలియదు" అను మాట మాత్రము శుద్ధ అబద్ధము. అది 7. 3 యొక్క ఘాతముల తుది అంకెలు 3, 9, 7, 1 అని నాలుగింటికొకసారి తిరిగివచ్చును. కావున ఘాతమును 4తో భాగింపగా వచ్చు శేషము తెలిసిన చాలును. ఇచ్చట ఆ ఘాతము కూడ 3 యొక్క బేసి ఘాతమే; 3, 27, 243 ఏది తీసికొన్నను 4తో భాగించిన శేషము 3. శేషము 3 అయినపుడు తుది అంకె 7. తరగతిలో పదినిమిషములలో పిల్లలచేతనే రాబట్టించదగిన ఫలితమిది.

చాయ్ అడుగంటుచుండగా మొదటివాడు ఆఖరి బాణము వేయును: "ఈ కప్పులో మిగిలిన ఒక్క బొట్టులోని అణువులు, విశ్వము పుట్టినది మొదలు గడచిన సెకండ్లకంటె ఎక్కువ."

"కోత!" అని రెండవవాడు వెంటనే అరచును. బొట్టును నీరుగానే లెక్కింతము. నీటిబొట్టు గ్రాములో ఇరువదవవంతు. 18 గ్రాముల నీటిలో 6×10²³ అణువులు. కాగా బొట్టులో సుమారు 1.7×10²¹. విశ్వము వయస్సు 1,380 కోట్ల ఏండ్లు, అనగా సుమారు 4.4×10¹⁷ సెకండ్లు. అణువులే మూడువేల రెట్లకు పైగా ఎక్కువ. చాయ్ డబ్బులు అరచినవాడే ఇచ్చెను.