ఊరు దాటని కల్లు

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో హెర్న్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఒకప్పుడు మాంసం కొట్టుగా నడిచిన గదిలో మార్టిన్ హిల్లియర్ అనే ఆయన 2005లో బీరంగడి తెరిచాడు. గుప్పెడుమంది చేరితే నిండిపోయే గది. పాటల్లేవు, టీవీ లేదు, జూదం మిషన్లు లేవు. చుట్టుపక్కల తయారైన బీరు పీపాలు, నాలుగు బల్లలు, కబుర్లు, అంతే. పాత వ్యాపారం గుర్తుగా దానికి 'బుచర్స్ ఆర్మ్స్' అని పేరు పెట్టాడు. మైక్రోపబ్బులకు మొదటిది అదేనంటారు. అదే ఏడాది నవంబరులో కొత్త లైసెన్సు చట్టం అమలుకు రావడంతో చిన్న వ్యాపారులకు అనుమతులు సులువయ్యాయి. ఆ తర్వాత పాత చెప్పుల షాపుల్లో, మూతపడిన పోస్టాఫీసుల్లో కూడా ఇలాంటివి వందల్లో వెలిశాయి.

అనంతపురం మనిషికి ఈ సంగతి చెబితే "దీంట్లో కొత్తేముందప్పా, మా కల్లంగడి ఇంతేగదా" అంటాడు. ఆ మాటలో సగం నిజం, సగం జ్ఞాపకం. ఊరి బయట చింతచెట్టు కింద ఒక కొట్టం, రెండు బానలు, కడిగి బోర్లించిన గ్లాసులు. పక్కనే చాట ముందు పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గర ఉలవ గుగ్గిళ్లు, వేయించిన చెనక్కాయలు, కారం అద్దిన మిరపకాయ బజ్జీలు. గీసినవాడే తెచ్చి పోస్తాడు. తాగేవాడి పేరు, వాడి ఇంటి సంగతులు, వాడు పడ్డ బాకీ అన్నీ అతనికి తెలుసు. తాగేవాడికి కూడా ఆ కల్లు ఏ వంక గట్టున ఉన్న చెట్టుదో తెలుసు. ఈ రెండో తెలివిడి మీదే మొత్తం వ్యవహారం నిలబడి ఉండేది.

ఇంగ్లండువాళ్ల పీపా బీరుకూ మన కల్లుకూ చుట్టరికం పైపైది కాదు. సీసాల్లో వచ్చే బీరును ఫ్యాక్టరీలో వడగట్టి, చాలావరకు వేడిచేసి, అందులోని ఈస్టును తీసేసో చంపేసో గ్యాసు ఎక్కిస్తారు. అది ఎన్ని నెలలైనా గోదాములో పడుంటుంది. పీపా బీరులో ఈస్టు బతికే ఉంటుంది. బ్రూవరీలో మొదలైన పులియడం పబ్బు నేలమాళిగలో పూర్తవుతుంది. అందులోని నురగకు కారణం అది తనంతట తాను పుట్టించుకున్న గ్యాసే. పన్నెండు డిగ్రీల చల్లదనంలో ఉంచి, చేతిపంపుతో పైకి లాగి పోస్తారు. ఒకసారి పీపాకు గాలి తగిలిందంటే మూడు రోజుల్లో ఖాళీ చేయాలి, లేదా పారబోయాలి. పెద్ద కంపెనీలకు ఈ తలనొప్పి ఎందుకు? 1960లలో వాళ్లు దీన్ని వదిలించుకోబోతుంటే, 1971లో నలుగురు మిత్రులు కలిసి 'కామ్రా' అనే సంఘం పెట్టి బతికున్న బీరు కోసం పోరాటానికి దిగారు. మైక్రోపబ్బులు ఆ పోరాటానికి మనవళ్ల వంటివి.

పీపా బీరుకు మూడు రోజుల ఆయుష్షయితే కల్లుకు ఒక్క పగలే. చెట్టులో ఉన్నంతసేపూ అది తీపి నీరు, పదో పన్నెండో వంతు చక్కెర. కుండలో పడీపడగానే గాలిలోవి, గీత మీద వాలే పురుగుల ఒంటివి, కుండ గోడలకు నిన్నటి నుంచి అంటుకుని ఉన్నవి అన్నీ కలిసి దాని మీద పడతాయి. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. దానికి పోటీగా జైమోమోనాస్ అనే బాక్టీరియా అదే పని ఇంకా వేగంగా చేస్తుంది. ఇంకో జాతి సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తాయి. మన పెరుగుకు పులుపిచ్చేదీ ఆ ఆమ్లమే. కల్లుకు ఆ తెల్లని రంగు కోట్లకొద్దీ ఈ సూక్ష్మజీవుల వల్లే వస్తుంది. పొద్దెక్కేసరికి ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. మర్నాటికి వెనిగర్ చేసే బాక్టీరియా పైచేయి సాధిస్తాయి, ఇక నోట పెట్టలేం. ఇందులో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. ఈ జైమోమోనాస్ ఇంగ్లండు బ్రూవరీలకు పాత శత్రువు, పీపాలో చేరితే కుళ్లిన కంపు కొట్టిస్తుంది. మన కుండలో మాత్రం అది ఇంటల్లుడు.

కుండ లోపల సున్నం పూస్తే ఈ జాతరంతా ఆగుతుంది. తెల్లవారకముందే దించితే అది నీరా, పిల్లలకూ ఇవ్వొచ్చు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద తెలంగాణ ప్రభుత్వం 2023లో తెరిచిన నీరా కేఫ్ అమ్మేది దీన్నే.

కోస్తాలో తాడి ఎక్కువ, అనంతపురంలో మాత్రం ఈతదే రాజ్యం. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అలాంటి నేలలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే చెట్టు ఈత. వంక గట్టున, చెరువు తూము కింద, చిత్రావతి, పెన్న, వేదవతి ఒడ్డు ఇసుకలో, ఎక్కడ అడుగున కాస్త తడి ఉంటే అక్కడ గుంపుగా లేస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా దీని మొవ్వు పచ్చగానే ఉంటుంది.

తాటి చెట్టుకు గెలను గీస్తారు. ఈతకు మొవ్వు కిందే గీత. ఒక పక్క ఆకులు నరికి, బెరడు చెక్కి, తెల్లటి మెత్తని భాగం బయటపడేదాకా కత్తితో పలుచగా తీస్తారు. ఆ గాయం కింది కొసన ఒక పుల్ల గుచ్చి, దాని కింద కుండ కడతారు. మాపటేళ గీత తాజా చేస్తే రాత్రంతా బొట్టుబొట్టుగా దిగుతుంది. కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు ఆరబెట్టాలి. ఆశకు పోయి లోతుగా కోస్తే మొవ్వు వాలిపోయి చెట్టు చస్తుంది. గీతలోని నేర్పంతా లోతు తెలియడంలోనే ఉంది. ఒక ఏడు తూర్పు పక్క గీస్తే మరుసటేడు పడమర పక్క. చెట్టు పెరిగేకొద్దీ ఆ గాట్లు అటొకటి ఇటొకటిగా కిందికి మిగిలిపోయి, మాను పాము నడిచినట్టు వంకరటింకరగా కనిపిస్తుంది. నిలబడి గాట్లు లెక్కపెడితే ఆ చెట్టును ఎన్ని చలికాలాలు గీశారో తెలిసిపోతుంది. ఈ పనికి రాయలసీమలో ఈడిగలు పెట్టింది పేరు. నడుముకు మోకు, వెనక కత్తి, భుజాన కుండ. పడితే నడుం విరగడమే.

సర్కారు కన్ను దీని మీద ఎప్పుడూ ఉంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాక థామస్ మన్రో కలెక్టరుగా అనంతపురం కేంద్రంగానే పని మొదలుపెట్టాడు. భూమి శిస్తు తర్వాత తెల్లదొరలకు నమ్మకమైన రాబడుల్లో అబ్కారీ ఒకటైంది. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు రేగడానికి ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం మీద పెట్టిన ఆంక్షలు ఒక కారణం. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం, అది మన దగ్గర 1960ల చివర్లో సడలింది. ఆ పైన మళ్లీ అంగళ్ల వేలం. గీసేవాడొకడు, వేలంపాడినవాడొకడు. ఆ అన్యాయాన్ని సరిచేయడానికే గీత కార్మికుల సహకార సంఘాలు వచ్చాయి, గీసేవాడికే చెట్టు ఇచ్చే పద్ధతి వచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈత కల్లు చలికాలపు సరుకు. కార్తీకం నుంచి మాఘం దాకా బాగా దిగుతుంది, ఎండలు ముదిరితే తగ్గిపోతుంది. తాగేవాడి దాహానికి కాలాలు లేవు. పైగా బోర్లు వెయ్యి అడుగుల వైపు దిగుతుంటే వంకల కింద తడి తగ్గింది, ఇసుక తోడేసినచోట ఈతవనాలు కూలాయి. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. మరి టౌన్లలో ఏడాది పొడుగునా నిండే కల్లు డ్రమ్ముల్లో ఉన్నదేమిటి?

చాలాచోట్ల నీళ్లు, శాకరిన్, నురగకు ఏదో ఒకటి, మత్తుకు మందు. ఆ మందు ఎక్కువగా క్లోరల్ హైడ్రేట్. 1832లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ తయారుచేసిన పదార్థం, 1869 నుంచి నిద్రమందుగా వాడారు. అది దొరక్కపోతే డయాజిపామ్, ఆల్ప్రజోలామ్. కల్లుకు అలవాటుపడ్డాననుకునేవాడు నిజానికి నిద్రమాత్రలకు అలవాటుపడి ఉంటాడు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాదు వంటి జిల్లాల ఆసుపత్రులు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో వచ్చినవాళ్లతో నిండిపోయాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ "కల్లు తాగి చచ్చారు" అని రాస్తారు. అందులో కల్లు ఎంతుందో ఎవరూ రాయరు.

నా లెక్కలో మైక్రోపబ్ కథ మనకు అక్కరకొచ్చేది ఇక్కడే. పులిసే పానీయానికి దూరం, నిల్వ రెండూ గిట్టవు. దాన్ని అమ్మే అంగడి చిన్నగా ఉండక తప్పదు. చెట్టుకు మించి అంగడి పెరిగిందంటే మధ్యలో మత్తుమందు పొడి చేరినట్టే. ఇంగ్లండులో ఆ చిన్నతనాన్ని పనిగట్టుకుని వెనక్కి తెచ్చుకున్నారు. మనకు ఉన్నదాన్ని పొడుల పాలు చేసుకున్నాం. బెంగళూరు ఇందిరానగర్‌లో 2010లో తెరుచుకున్న 'టోయిట్' లాంటి బ్రూపబ్బుల్లో శని ఆదివారాలు కూర్చునే అనంతపురం, హిందూపురం కుర్రవాళ్లకు వడగట్టని బీరు గురించి అరగంట మాట్లాడేంత పరిజ్ఞానం ఉంది. సొంత ఊరి వంక పక్కన ఎన్ని ఈతచెట్లు మిగిలాయంటే మాత్రం దిక్కులు చూస్తారు. తప్పు వాళ్లొక్కరిదే కాదు. 2024లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ కొత్త మద్యం విధానంలో గీత కులాలకు పది శాతం లెక్కన 340 దుకాణాలు కేటాయించారు. కుటుంబాలకు ఆసరాగా అది మంచిదే. కానీ ఆ దుకాణాల్లో దొరికేది ఫ్యాక్టరీ సరుకు, తొంభై తొమ్మిది రూపాయల క్వార్టరు. గీతగాడి కొడుకు కౌంటర్లో కూర్చుంటాడు, చెట్టు ఎక్కడు. మోకు మీద ప్రాణం పెట్టుకుని పైకి పొమ్మనడానికి మనమెవరం అన్నదీ నిజమే.

అయినా అసలు కల్లు ఇంకా ఉంది, వెతికితే దొరుకుతుంది. మార్గశిరం, పుష్యం మంచి అదను. టౌను దాటి, వంకో చెరువో ఉన్న పల్లెకు పొద్దున తొమ్మిదిలోపు చేరాలి. ముందు చెట్లు చూడండి. మాను మీద ఈ ఏటి గీత తెల్లగా, తడిగా కనబడాలి. చెట్లు కనబడని ఊళ్లో కల్లు దొరుకుతోందంటే వెనక్కి తిరగండి. "ఎవరి చెట్టుది మామా, ఎప్పుడు దించితివి?" అని అడగండి, నిజంగా గీసినవాడు వేలెత్తి చెట్టు చూపిస్తాడు. కుండ మూతికి వలో ఈనెల తడికో కట్టారా అనీ చూసుకోండి. పచ్చి రసం నాకడానికి రాత్రిళ్లు గబ్బిలాలు వస్తాయి, బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ మనుషులకు సోకిన దారుల్లో ఇదీ ఒకటి. మొదటి గ్లాసు తియ్యగా ఉంటుంది, నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది, ఈస్టు వాసన తెలుస్తుంది. గంట ఆగి తాగితే పులుపు ఎక్కి ఉంటుంది, మధ్యాహ్నానికి మరింత. మాపటికి కూడా పొద్దుటి తీపే ఉంటే అది చెట్టుది కాదు, పారబోయండి. ఎంత అసలైనదైనా మత్తు మత్తే కాబట్టి బండి మీద వెళ్లినవాళ్లు గుగ్గిళ్లతో సరిపెట్టుకోవడం మేలు. ఉలవ గుగ్గిళ్లలో పచ్చికొబ్బరి వేస్తే ఇంకా బావుంటాయి, అవ్వను అడిగితే వేస్తుంది.